పాతికేళ్లు దాటాక మొటిమలు: పార్లర్ ఎంతవరకు చేయొచ్చు, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పంపాలి?

పోరంకి_పార్లర్ (బ్యూటీషియన్, విజయవాడ)

మాఘమాసం ముహూర్తాలకి ఇప్పటి నుంచే బుకింగులు పడుతున్నాయి. పాతికా ముప్ఫై దాటినవాళ్లలో గడ్డం మీద, దవడల పొడవునా మొటిమలతో వచ్చేవాళ్లు ఎక్కువ. అందరూ అడిగేది ఒకటే, మంచి ఫేషియల్ చేస్తే తగ్గుతాయా అని.

మామూలు ఫేషియల్ అంటే క్లెన్సింగ్, 5 నిమిషాలు స్క్రబ్, 7–8 నిమిషాలు స్టీమ్, బ్లాక్‌హెడ్స్ తీయడం, 20 నిమిషాలు మసాజ్, పావుగంట ప్యాక్. మొటిమలున్న ముఖానికి ఇందులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? ఎలాంటి ముఖాన్ని అసలు ముట్టుకోకుండా పంపించేయాలి? కిట్లు అమ్మేవాళ్లు "ఆక్నే కిట్ వాడండి" అని ఊరుకుంటారు. కారణం తెలిస్తే వచ్చినవాళ్లకి మేం గట్టిగా చెప్పగలం.

డివిఎల్_గుంటూరు (చర్మవ్యాధుల డాక్టర్)

ముందు కారణం చెబుతానండీ, మిగతావన్నీ దాన్నిబట్టే తేలతాయి. మొటిమ పుట్టేది రోమ రంధ్రం లోపల. నూనె గ్రంథి జిడ్డు ఎక్కువగా వదలడం, రంధ్రం మూతి దగ్గర చనిపోయిన కణాలు రాలకుండా అతుక్కుపోవడం, లోపల బ్యాక్టీరియా పెరగడం, దానికి వాపు రావడం. పైకి కనబడడానికి వారాల ముందే లోపల అడ్డం పడి ఉంటుంది. ఫేషియల్ పైన పేరుకున్నదాన్ని తీస్తుంది గానీ కొత్తగా అడ్డుపడేవాటిని ఆపలేదు. చేయించుకున్న కొద్ది రోజులు ముఖం తేటగా ఉండి మళ్లీ మొదటికి రావడానికి కారణం ఇదే.

మీ వరసలో మొదట తీసేయాల్సింది మసాజ్. మసాజ్ క్రీముల్లో చిక్కటి నూనెలు, మైనాలు ఉంటాయి. 20 నిమిషాలు రుద్దితే అవి రంధ్రాల్లోకి దిగుతాయి. అంతకంటే ముఖ్యం, వేళ్ల ఒత్తిడికి వాచిన మొటిమ గోడ లోపలికి పగులుతుంది. చీము బయటికి రాకుండా చుట్టూ ఉన్న చర్మంలోకి పోతుంది. రెండు రోజులకి అక్కడ గడ్డ లేస్తుంది, తర్వాత మచ్చ మిగులుతుంది.

రెండోది స్క్రబ్. మన చామనఛాయ చర్మానికి చిన్న రాపిడి చాలు, నెలల తరబడి నల్లమచ్చ నిలిచిపోవడానికి. వాల్‌నట్ పొట్టు, పంచదార, కాఫీపొడి, ఏదైనా సరే వద్దు. బ్లీచ్ అసలు వద్దు. ఎర్రగా వాచిన మొటిమలుంటే స్టీమ్ కూడా మానేయండి. బ్లాక్‌హెడ్స్ మాత్రమే ఉంటే 3 నిమిషాలు, ముఖానికి అడుగు దూరంలో.

మీరు చేయగలిగింది: సబ్బు కాని మైల్డ్ క్లెన్సర్, మూతి తెరుచుకుని నల్లగా కనబడే బ్లాక్‌హెడ్స్ తీయడం, పలచగా క్లే ప్యాక్, జెల్ మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. క్లే ప్యాక్ పూర్తిగా ఎండి బీటలు వారేదాకా ఉంచకండి, 8–10 నిమిషాల్లో కాస్త తడిగా ఉండగానే తీసేయాలి. ఎక్స్‌ట్రాక్టర్ (బ్లాక్‌హెడ్స్ తీసే పరికరం) ఒకరికి వాడినది ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి ఆవిరిలో, స్టెరిలైజ్ చేయకుండా ఇంకొకరికి వాడొద్దు. డెట్టాల్ నీళ్లలో ముంచి తీస్తే అది స్టెరిలైజ్ చేసినట్టు కాదు. ఒకసారి నొక్కితే రానిదాన్ని రెండోసారి నొక్కకండి.

చీము నిండినవి, నొప్పి పెట్టే గడ్డలు, అప్పటికే గుంటలు పడుతున్న ముఖం, ఛాతీకి వీపుకి పాకినవి, వీటిని మాత్రం ముట్టుకోకుండా పంపండి.

పోరంకి_పార్లర్

ధన్యవాదాలు డాక్టర్ గారూ. హైడ్రాఫేషియల్ మెషిన్ గురించి కూడా చెప్పండి. "మొటిమలకి ఇదే మందు" అని అమ్ముతున్నారు.

బెంజిసర్కిల్_థెరపిస్ట్ (క్లినిక్‌లో ప్రొసీజర్లు)

ఇది నేను చెబుతాను. ఆ మెషిన్ చేసేది చిన్న వ్యాక్యూమ్‌తో లాగుతూనే సాలిసిలిక్, గ్లైకోలిక్ లాంటి ఆమ్లాలున్న ద్రవాన్ని పలచగా పట్టించడం, ఆ తర్వాత సీరమ్. ముక్కు మీద, గడ్డం మీద బ్లాక్‌హెడ్స్‌కి, జిడ్డుకి బాగానే పనిచేస్తుంది. లోపలి వాపుకి చేసేదేమీ లేదు.

తేడా వచ్చేది మూడు చోట్ల. సక్షన్ ఎక్కువ పెట్టి ఒకే చోట నిలిపితే రక్తం చిమ్మి కందిపోతుంది, మన చర్మంలో అది నల్లటి గీతగా మిగులుతుంది. టిప్ కదులుతూనే ఉండాలి, రెండో చేత్తో చర్మం బిగపట్టాలి. రెండోది, చీము మొటిమ మీదుగా టిప్ లాగితే అది పగులుతుంది. మూడోది శుభ్రత. టిప్ ప్రతి మనిషికీ కొత్తది వేయాలి, పైపు క్లీనింగ్ సొల్యూషన్‌తో కడగాలి. టిప్పులు కడిగి మళ్లీ వాడుతున్న చోటికి వెళ్లకపోవడమే మంచిది.

గవర్నర్‌పేట_ఫార్మసిస్ట్

పార్లర్ కంటే, మెషిన్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇప్పటిదాకా ముఖానికి ఏ ట్యూబ్ రాస్తున్నారు? మన ఊళ్లలో పెద్దవాళ్ల మొటిమల్లో చాలా కేసులు ఇక్కడే చిక్కుకుంటాయి.

ట్యూబ్ వెనక చిన్న అక్షరాల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ కలిపిన "ట్రిపుల్" క్రీమ్ మంగుమచ్చలకి డాక్టర్ చూస్తూ కొద్ది వారాలు వాడించాల్సినది. దాన్ని ఫెయిర్‌నెస్ క్రీమ్‌లాగా ఏళ్ల తరబడి రాస్తున్నారు. మొదట్లో మొటిమలు అణిగి, ముఖం తెల్లబడినట్టు ఉంటుంది. తర్వాత ఒకే సైజులో ఎర్రటి పొక్కులు లేస్తాయి, బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు కనబడతాయి, నూగు పెరుగుతుంది, ఎండలోకి వెళ్తే మండుతుంది. ఆపగానే ఇంకా ఎక్కువవుతాయి కాబట్టి మళ్లీ అదే రాస్తారు. చర్మానికి రాసే స్టెరాయిడ్లని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో గట్టిగా చేర్చింది. చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా పక్కింటావిడ చెప్పిందని ట్యూబ్ పేరు రాసుకొచ్చి అడుగుతారు. దయచేసి ఇవ్వొద్దని తోటి ఫార్మసిస్టులకి కూడా నా మనవి.

ఇలాంటి ముఖానికి ఫేషియల్, పీల్ (ఆమ్లం పూసి చర్మం పై పొర రాల్చడం), లేజర్ ఏదీ చేయకూడదు. పై పొర అప్పటికే పలచబడిపోయి ఉంటుంది. చాలాకాలం ఘాటైనది వాడినవాళ్లు ఒక్కసారిగా మానేయకుండా, డాక్టర్ చెప్పిన పద్ధతిలో తగ్గించుకుంటూ రావాలి.

మిర్చియార్డు_రోడ్

మా గుంటూరులో ముఖం మీద మొటిమ కనబడగానే ముందు కారం మానేయమంటారు. తర్వాత ఆవకాయ, మామిడిపండు. ఒంట్లో వేడి చేసిందంటారు. నిజంగా సంబంధం ఉందా?

ఆహారం_బ్రాడీపేట (న్యూట్రిషనిస్ట్)

మిరపకాయ తింటే మొటిమలొస్తాయనడానికి ఆధారం లేదండీ. కారం తిన్నప్పుడు ముఖం ఎర్రబడి చెమట పట్టడం వేరే సంగతి. రోసేషియా అనే జబ్బున్నవాళ్లకి మాత్రం కారం, వేడివేడి టీ, ఎండ ఇబ్బందే. దాన్ని మొటిమలనుకుని పొరబడేవాళ్లున్నారు. నడి ముఖం ఎర్రగా ఉండి బ్లాక్‌హెడ్స్ ఒక్కటీ లేకపోతే అనుమానించాలి.

ఆధారం ఉన్నది రెండు విషయాలకి. ఒకటి, రక్తంలో షుగర్‌ని గబుక్కున పెంచే తిండి. దానివల్ల ఇన్సులిన్, ఐజీఎఫ్-1 అనే హార్మోన్ పెరిగి నూనె గ్రంథుల్ని ఉసిగొల్పుతాయి. ఆస్ట్రేలియాలో 2007లో వచ్చిన పరిశోధనలో 15–25 ఏళ్ల మగవాళ్లకి 12 వారాలు గ్లైసీమిక్ లోడ్ (షుగర్‌ని పెంచే భారం) తక్కువున్న భోజనం పెడితే, మామూలుగా తిన్నవాళ్లకంటే మొటిమలు ఎక్కువ తగ్గాయి. రెండోది పాలు, ముఖ్యంగా వెన్న తీసిన పాలు. ఇక్కడ సంబంధం కనబడింది గానీ అందరికీ వర్తిస్తుందని తేలలేదు. పెరుగు మీద అంత బలమైన ఆరోపణ లేదు, పెరుగన్నం మానక్కర్లేదు. జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు వే ప్రొటీన్ సంగతి మాత్రం పట్టించుకోవాలి. అది పాల నుంచి తీసిందే.

మన ఇళ్లలో చూస్తే పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం కంచం నిండా తెల్లన్నం, సాయంత్రం బజ్జీ లేదా బేకరీ పఫ్, రాత్రి మళ్లీ అన్నం, మధ్యలో పంచదార టీలు. కారాన్ని తిట్టి వీటిని వదిలేస్తున్నాం. అన్నం సగం చేసి ఆ చోట పప్పు, కూర, గుడ్డు పెంచండి. ప్లెయిన్ దోశ బదులు పెసరట్టు, రాత్రి జొన్నరొట్టె. రాగిజావ మంచిదే గానీ పలచగా కాచి బెల్లం దండిగా వేస్తే అదీ షుగర్ త్వరగానే పెంచుతుంది, మజ్జిగ కలిపి తాగండి. మామిడిపండు తిన్నంత మాత్రాన మొటిమ రాదు. భోజనం మీద రెండు మూడు పళ్లు లాగిస్తే అది చక్కెర భారం. టీలో పంచదార, కూల్‌డ్రింకు, వే ప్రొటీన్ ఒకేసారి అన్నీ మానేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. ఒక్కొక్కటీ మార్చి మూడు నెలలు చూడండి.

తిండి మార్పు మందుకి తోడు మాత్రమే. గడ్డలు లేస్తున్న ముఖాన్ని జొన్నరొట్టెతో బాగుచేద్దామని ఆరు నెలలు ఆగితే ఆ లోపు గుంటలు పడిపోతాయి.

డివిఎల్_గుంటూరు

చివరి మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. మా దగ్గరికి వచ్చేసరికి చాలామందికి గుంటలు పడి ఉంటాయి, గుంట పూడ్చడం మొటిమ ఆపడం కంటే ఎన్నో రెట్లు కష్టం.

ఇక రోజువారీ మందు. ఏ ప్రొసీజర్ అయినా దీని పక్కన రెండోదే. రాత్రి అడాపలీన్ 0.1 శాతం జెల్. ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, 15–20 నిమిషాలు ఆగి, ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత. నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం మీద చుక్కలు పెట్టి పలచగా పరచాలి. కనురెప్పలు, ముక్కు పక్కల మడతలు, పెదవుల మూలలు వదిలేయాలి. మొటిమ మీద మాత్రమే చుక్క పెడితే లాభం లేదు, రాబోయే వాటిని ఆపడమే దీని పని. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు. మంట, పొట్టు ఉంటే ముందు మాయిశ్చరైజర్, తర్వాత జెల్, మళ్లీ మాయిశ్చరైజర్. తొలి వారాల్లో మొటిమలు కాస్త పెరిగినట్టు అనిపించొచ్చు. చాలామంది అక్కడే భయపడి ఆపేస్తారు. ఫలితం చెప్పాలంటే 12 వారాలు కావాలి.

పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. 10 శాతం తెచ్చుకుంటే మంట పెరుగుతుంది గానీ గుణం అంతగా పెరగదు. దిండు గలీబులు, చున్నీలు తెల్లబడతాయి, జాగ్రత్త. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే ఎప్పుడూ రాయొద్దు, బ్యాక్టీరియా మొండికేస్తుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ జతగా ఉండాలి. బిళ్లల యాంటీబయాటిక్ అయినా మూడు నాలుగు నెలలు మించకూడదు.

గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు అడాపలీన్ వాడకూడదు. వాళ్లకి అజెలాయిక్ ఆమ్లం 15–20 శాతం ఉంది, నల్లమచ్చలకి కూడా పనికొస్తుంది.

ఆడవాళ్లలో దవడ మీద లోతైన గడ్డలు, నెలసరి ముందు ఎక్కువవడం, నెలసరి తప్పుతుండడం, గడ్డం మీద వెంట్రుకలు, నడినెత్తిన జుట్టు పలచబడడం కలిసి కనబడితే పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ సమస్య) ఉందేమో చూడాలి. నెలసరి 2–5 రోజుల మధ్య రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్. అది తేలితే హార్మోన్ బిళ్లలు, స్పైరనోలాక్టోన్ లాంటివి డాక్టర్ నిర్ణయిస్తారు. గర్భం రాకుండా చూసుకుంటూ వాడాలి. హార్మోన్ సమస్యకి ఎన్ని ఫేషియల్స్ చేసినా డబ్బు దండగ.

గవర్నర్‌పేట_ఫార్మసిస్ట్

రెండు మాటలు కలుపుతాను. బెంజాయిల్ పెరాక్సైడ్ వేడికి విచ్ఛిన్నమై బెంజీన్ తయారవుతుంది. బెజవాడ మే నెలలో బండి డిక్కీలో, కిటికీ అంచున పెట్టకండి. చల్లటి నీడలో పెట్టి, తెరిచిన ట్యూబ్ ఏడాది దాచుకోకండి. డాక్సీసైక్లిన్ బిళ్ల రాస్తే నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట నడుం వాల్చకూడదు, లేకపోతే ఆహారనాళం పుండు పడుతుంది. అది వాడినన్నాళ్లూ ఎండకి చర్మం త్వరగా కమిలిపోతుంది కూడా.

కృష్ణలంక_రైడర్

నుదుటి మీద చిన్న చిన్న పొక్కులు, అన్నీ ఒకే సైజు, దురద. యాంటీబయాటిక్ జెల్‌తో ఇంకా పెరుగుతున్నాయి. హెల్మెట్ వల్లా?

డివిఎల్_గుంటూరు

మీరు చెప్పిన తీరు మొటిమల కంటే మలసేజియా అనే ఫంగస్ వల్ల వచ్చే ఫాలిక్యులైటిస్‌కి (రోమ రంధ్రాల వాపుకి) దగ్గరగా ఉంది. చెమట, ఉక్కపోత ఉన్న మన వాతావరణంలో నుదురు, ఛాతీ, వీపు మీద మామూలే. దురద ఉండడం, బ్లాక్‌హెడ్స్ లేకపోవడం, యాంటీబయాటిక్‌తో పెరగడం గుర్తులు. చూపించుకుంటే యాంటీఫంగల్ మందు ఇస్తారు.

హెల్మెట్ గడ్డం పట్టీ, నుదుటి ప్యాడ్ రాపిడికి వచ్చేవి వేరే ఉన్నాయి. లోపలి ప్యాడ్లు వారానికోసారి ఉతికి ఎండబెట్టండి, లోపల పలచటి నూలు క్యాప్ పెట్టుకుని రోజూ మార్చండి. తలనూనె రాత్రంతా ఉంచితే నుదుటికి, చెంపలకి కారుతుంది. స్నానానికి గంట ముందు రాసి తలస్నానం చేయండి. రోజుకి రెండుసార్లు, చెమట పట్టినప్పుడు ఇంకోసారి ముఖం కడిగితే చాలు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట మామూలు సబ్బు నురగ రాక తెట్టుగా మిగులుతుంది, సబ్బు కాని క్లెన్సర్ వాడండి. మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీ పనుల్లో ఉన్నవాళ్లు ఆ చేతులతో ముఖం తుడుచుకోవద్దు. అది మొటిమ కాదు గానీ మంటకి గోకితే మచ్చే.

పోరంకి_పార్లర్

పెళ్లికూతుళ్లు అడిగేది పీల్. ఎంత ముందు చేయించుకోవాలి?

బెంజిసర్కిల్_థెరపిస్ట్

ఆఖరి పీల్‌కీ పెళ్లికీ మధ్య కనీసం మూడు వారాలు ఉండాలి. మూడు వారాలకొకటి చొప్పున నాలుగు నుంచి ఆరు సిట్టింగులు అనుకుంటే, నాలుగైదు నెలల ముందే మొదలుపెట్టాలి. పెళ్లి నెల రోజుల్లో ఉందంటే కొత్తది ఏదీ ముఖం మీద ప్రయోగించకూడదు.

మొటిమలకి ముందు వాడేది సాలిసిలిక్ 20–30 శాతం. నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రంలోకి దిగుతుంది. ముఖం జిడ్డు తీసి, కంటి మూలలు, ముక్కు రెక్కలు, పెదవులకి వాసెలిన్ రాసి, ఫ్యాన్ పెట్టి పూత వేస్తారు. మూడు నుంచి ఐదు నిమిషాలు మండి తగ్గుతుంది, తెల్లటి పొడి మిగులుతుంది. అది ఆమ్లం గడ్డకట్టింది, చర్మం కాలింది కాదు. చల్లటి నీళ్లతో కడిగేస్తే చాలు. ఆస్పిరిన్ పడనివాళ్లకి, గర్భిణులకి ఇది వద్దు.

గ్లైకోలిక్ అలా కాదు, దానంతట అది ఆగదు. టైమర్ పెట్టి, బేకింగ్ సోడా ద్రావణంతో ఆపాలి. తొలిసారి 20–35 శాతం, ఒకటి రెండు నిమిషాలు. ఎక్కడైనా ఎర్రబడినా తెల్లబడినా అక్కడ వెంటనే ఆపాలి. క్లినిక్ పీల్స్‌లో జరిగే కాలిన గాయాలు చాలావరకు ఆ నిమిషం నిర్లక్ష్యం వల్లే. మాండెలిక్ 30–40 శాతం మెల్లగా దిగుతుంది, మన రంగుకి, త్వరగా మచ్చపడే చర్మానికి మొదటి పీల్‌గా మంచిది.

పీల్‌కి 5–7 రోజుల ముందు అడాపలీన్ ఆపాలి, ఆ వారం వ్యాక్స్, థ్రెడింగ్ వద్దు. నోటి చుట్టూ జ్వరపు పొక్కులు వచ్చే అలవాటుంటే ముందే చెప్పాలి, యాంటీవైరల్ బిళ్ల ఇస్తారు. తర్వాత మూడు నుంచి ఐదు రోజులు పొట్టు రాలుతుంది, గిల్లకూడదు. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలంత, బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి. రోహిణి కార్తెలో రోజంతా బయట తిరిగే ఉద్యోగమైతే పీల్ చలికాలానికి వాయిదా వేయమంటాను.

పటమట_గృహిణి

ఇంట్లో నిమ్మరసం, పసుపు, టూత్‌పేస్ట్ రాస్తే ఏమవుతుంది? మా వీధిలో అందరూ అదే చేస్తారు.

డివిఎల్_గుంటూరు

నిమ్మరసం ఘాటైన ఆమ్లం, ఎంత గాఢతో మన చేతిలో ఉండదు. అది రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి నల్లటి చారలు పడతాయి. టూత్‌పేస్ట్ కాలుస్తుంది. పసుపు ఒక్కటే చాలామందికి హాని చేయదు, నయమూ చేయదు. ఇంట్లో తిప్పుకునే సూదుల రోలర్ కూడా ఈ వరసలోదే. మొటిమలున్న ముఖం మీద తిప్పితే చీము ఒకచోటి నుంచి ఇంకోచోటికి అంటుతుంది.

గుంటలకి క్లినిక్‌లో మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో గుచ్చడం), సబ్‌సిషన్ (గుంట కింది పోగుల్ని సూదితో తెంచడం), సన్నటి లోతు గుంటలకి టీసీఏ క్రాస్ (గుంటలో ఘాటైన ఆమ్లం చుక్క పెట్టడం), లేజర్ ఉన్నాయి. అన్నీ మొటిమలు పూర్తిగా అణిగాకే.

పోరంకి_పార్లర్

అయితే పార్లర్‌లో ఒక కార్డు పెట్టి వచ్చినవాళ్లని ముందే అడుగుతాను. ఏమేం అడగాలో చెప్పండి.

డివిఎల్_గుంటూరు

చాలా మంచి పని. తీవ్రమైన మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినాయిన్ క్యాప్సూల్స్ వాడుతున్నారా, గత ఆరు నెలల్లో వాడారా? అవునంటే ముఖానికి వ్యాక్స్ చేయకండి, చర్మమే ఊడి వస్తుంది. ఆ మందు వాడుతున్న ఆడవాళ్లకి గర్భం రాకూడదనీ, ఆపాక ఇంకో నెల ఆగాలనీ డాక్టర్ చెప్పారో లేదో కూడా అడగండి. బిడ్డకి తీవ్రమైన లోపాలు వస్తాయి. రాత్రి రాసే జెల్ ఏది, చివరిసారి ఎప్పుడు రాశారు? తెల్లబడడానికి ఏ క్రీమ్ వాడుతున్నారు? ట్యూబ్ ఫోటో తెమ్మనండి. గర్భిణా, పాలిస్తున్నారా? ఆస్పిరిన్ పడుతుందా? నెలసరి సక్రమంగా వస్తోందా? ఫిట్స్, టీబీ మందులు, బీ12 ఇంజెక్షన్లు ఏమైనా? వాటివల్ల కూడా మొటిమల్లాంటివి వస్తాయి.

పంపేటప్పుడు ఎండీ డీవీఎల్, డీడీవీఎల్ లేదా చర్మవ్యాధుల్లో డీఎన్‌బీ చదివినవాళ్ల దగ్గరికి పంపండి. "కాస్మెటాలజిస్ట్" బోర్డు ఒక్కటే చూసి కాదు. ఫీజు భారం అనుకునేవాళ్లకి గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ ఆసుపత్రి)లో, విజయవాడ జీజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది.

గవర్నర్‌పేట_ఫార్మసిస్ట్

ఆ కార్డు తయారయ్యాక ఇక్కడ పెట్టండి మేడమ్. స్టెరాయిడ్ క్రీముల జనరిక్ పేర్లు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇస్తాను, కార్డు వెనక అచ్చు వేయించండి.